ఫోటో మూలన చెయ్యి

పాకాల జంక్షన్‌లో ఏ రైలు దిగైనా సరే, ఎదురొచ్చిన మనిషిని ఆపి అడగండి. ధనంజయ తీసిన ఫోటోలో కళ్ళు మూసినవాడు లేడు. ముప్పై ఏళ్ళు, మూడు వేల పెళ్ళిళ్ళు, ఒక్కరంటే ఒక్కరు రెప్ప వేయలేదు. హోమం పొగలో కూడా పెళ్ళికొడుకుల కళ్ళు తామరపూలలాగా విచ్చుకునే ఉండేవి. పాలు తాగి నిద్రపోయే చంటిబిడ్డ కూడా ఆయన కెమెరా ఎత్తితే లేచి కూర్చుని చూసేదట. ఇందులో ఆవగింజంత అబద్ధముంటే ఎంత పందెమైనా సరే.

అటువంటి ధనంజయకు ఆ రోజు ఉదయం చొక్కా గుండీలు భార్య పెడుతోంది.

వరదమ్మ మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి వచ్చి, చివరి గుండీ దగ్గర ఆగింది. అది ఆయన వంతు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో అదే ఒప్పందం. ఆయన కుడిచేతి వేళ్ళు గుండీని పట్టుకున్నాయి, జారాయి, మళ్ళీ పట్టుకున్నాయి. గాలికి వేపరెమ్మ అల్లాడినట్టు అల్లాడాయి. పొయ్యి మీద తాలింపు మాడుతున్న వాసన వస్తున్నా ఆమె కదల్లేదు.

"పెట్టేసినా సూడు," అన్నాడు, గుండీ ఇంకా సగం బయటే ఉండగా.

"భలే పెట్టినావులే మామా," అని, చొక్కా అంచు సర్దుతున్నట్టుగా ఆ సగాన్ని ఆమె లోపలికి తోసేసింది. మేనమామనే చేసుకున్న మనిషి గనుక ఆమెకు మొగుడైనా మామే. ఇటువంటి చిన్న అబద్ధాలలో ఆమె చెయ్యి బాగా తిరిగిపోయింది. పెద్ద అబద్ధం ఒకటి ఆ ఇంట్లో పద్నాలుగు పెళ్ళిళ్ళుగా నడుస్తోంది.

రెండున్నరేళ్ళ కిందట ఐరాలలో పెళ్ళి ముగించుకుని ధనంజయ బండి మీద వస్తుంటే, మలుపులో మామిడికాయల ట్రాక్టరు తగిలింది. తల నిలిచింది, కాళ్ళు నిలిచాయి. కుడి భుజంలో నరాలు తెగిపోయాయి. వేలూరులో రెండుసార్లు కోసి కుట్టారు. చెయ్యి మిగిలింది గానీ పట్టు రాలేదు. దాని బదులు వణుకు వచ్చి కూర్చుంది.

అంతకుముందు ఆ చెయ్యి ఊరికే ఉండేది కాదు. పెళ్ళిళ్ళు పొట్టకోసం. మనసు కోసం ఏటా నాలుగైదుసార్లు తెల్లవారుజాము బస్సెక్కి అలిపిరికి పోయేవాడు. కొండ మెట్లకు పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కేవాళ్ళుంటారు కదా, వాళ్ళ ముఖాలు కాదు, చేతులు తీసేవాడు. గాజుల చేతులు, కాయలు కాచిన చేతులు, ఆరో వేలున్న చేతులు. వాటిని ఎవరికీ చూపకుండా ఒక రేకుపెట్టెలో పెట్టి స్టూడియోలో బెంచీ కిందికి తోసేవాడు. "అయ్యి అమ్మేటివి కాదే," అనేవాడు వరదమ్మతో.

ఆయనకు మరో పంతం ఉండేది. కొత్త కెమెరాలకు వెనక తెర ఉంటుంది, తీసిన ఫోటో వెంటనే కనబడుతుంది. ఆ తెర మీద ధనంజయ నల్ల ప్లాస్టరు అంటించేశాడు. "సంగటి ఉడికేదాకా మూత తియ్యకూడదు. నిమిషానికోసారి మూత తీసి సూసేవాడు వంటోడు కాదబ్బా, ఆకలిగొన్నోడు," అని కుర్రకారును ఎకసెక్కం చేసేవాడు. కంప్యూటరు జోలికి కూడా పోయేవాడు కాదు. కార్డు తీసి కూతురి చేతికిస్తే, ఏరడం, దిద్దడం, ఆల్బం కట్టించడం అన్నీ లోహిత పని.

ఆ పంతమే వరదమ్మకు దారి చూపింది.

ప్రమాదం తర్వాత ఎనిమిది నెలలు ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కథలు చెప్పే నోరు మూతపడింది. ముందర పెట్టిన అన్నం చల్లారిపోయేది. చివరికి దగ్గరి చుట్టాల పెళ్ళికి బలవంతంగా లేపి, కుడిచేతికి కెమెరాను పట్టీతో కట్టి పంపారు. నేర్చుకుంటానంటూ లోహిత రెండో కెమెరాతో వెంట పోయింది. తిరిగొచ్చాక తల్లీకూతుళ్ళు ఆయన కార్డు తెరిచి చూశారు. కొన్నిటిలో తలకాయలు లేవు. కొన్నిటిలో పందిరి గుడ్డ తప్ప ఏమీ లేదు. మిగతావన్నీ గతుకుల రోడ్డు మీద బస్సు కిటికీలోంచి చూసినట్టున్నాయి.

ఆ ఆల్బంలోకి లోహిత ఫోటోలు పోయాయి.

ధనంజయ ఒక్కో పేజీ ఎడమచేత్తో తడిమి చూశాడు. "సూసినావా వరదా! చెయ్యి పొయినా కన్ను పోలేదు," అన్నాడు. ఆ పూట రెండు ముద్దలు సంగటి అడిగి పెట్టించుకున్నాడు. వరదమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రెండు ముద్దల కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

ఇక్కడ మొదట వేసిన పందెం ఒకటి వెనక్కి తీసుకోవాలి. ధనంజయ ఫోటోలలో కళ్ళు మూసినవాళ్ళు లేరన్నాను కదా, బోలెడు మంది ఉన్నారు. వాళ్ళను ఆల్బంలోకి రానిచ్చేవాడు కాదు, అంతే. ఒక పెళ్ళికొడుకు అన్ని ఫోటోలలోనూ కళ్ళు మూస్తే, వాడి తమ్ముడి కళ్ళు తెచ్చి అతికించాడు కూడా. పాతికేళ్ళయింది, పెళ్ళాం ఇప్పటికీ కనిపెట్టలేదు. చంటిబిడ్డ సంగతి మాత్రం మీ ఇష్టం.

"ఆల్బంలోకి రానిది జరగనట్టే లెక్క," అని నవ్వేవాడు ఆయన. ఆ మాట వరదమ్మ బాగా గుర్తు పెట్టుకుంది.

ఆ ఉదయం ఇంట్లో హడావుడి ఊరికే కాదు. తిరుపతిలో ఆల్బంలు అచ్చువేసే ధర్మేంద్ర ముందురోజు ఫోను చేశాడు. ఫోటోగ్రాఫర్ల సంఘం పోటీకి ధనంజయ ఆల్బంలోంచి ఒక ఫోటో తనే పెట్టాడట, మొదటి బహుమతి వచ్చిందట. ఆదివారం సభ, శాలువా. పెద్దది చేయించిన ఫోటో పొద్దున్నే తెచ్చి చూపిస్తానన్నాడు.

హాల్లో ధనంజయ అద్దం ముందు నిలబడి ఉపన్యాసం సాధన చేస్తుంటే, వంటింట్లో లోహిత తల్లి చెవి దగ్గర గుసగుసలాడింది.

"అమ్మా, ఆదివారం నాయన స్టేజీ ఎక్కి ఆ ఫోటో నేనే తీసినానని చెప్తాడు. ఆడుండేదంతా ఫోటోగ్రాఫర్లు. ఎవురన్నా ఒక కెమెరా చేతికిచ్చి, అన్నా ఇప్పుడొకటి తియ్యి అంటే ఏం చేస్తావు?"

"గమ్మునుండు. వినపడతాది."

"ఇంగెన్నాళ్ళు గమ్మునుండేది? పద్నాలుగు పెండ్లిండ్లు అయిపోయె."

"పద్నాలుగు పెండ్లిండ్లు మీ నాయన అన్నం తిన్నాడు. అది సూడు."

లోహిత గొంతు సన్నబడింది. "అది నేను తీసిన ఫోటో అమ్మా. ఒక్క తూరన్నా, ఇది లోహిత తీసింది అని ఎవురన్నా అంటే బాగుండునని ఉండాది. తప్పా?"

వరదమ్మ పొయ్యి వైపు తిరిగింది. చట్నీలో ఉప్పు వేసిందో లేదో మరిచిపోయి మళ్ళీ వేసింది.

ధర్మేంద్ర రావడమే కేకలతో వచ్చాడు. "వదినా, కాఫీ పెట్టు! అన్నా, నీ చెయ్యి బంగారం!" చుట్ట చుట్టిన ఫోటోను మంచం మీద పరిచి, నాలుగు మూలలా స్టీలు గ్లాసులు పెట్టాడు.

ఫోటోలో నాగులమ్మ ఉంది. ప్రమాదం తర్వాత ఐరాలలోనే జరిగిన ఇంకో పెళ్ళిలో పెళ్ళికూతురి అవ్వ. మొగుడు పోయినదాన్ని, శుభకార్యంలో ఫోటోకు రాకూడదని ఆమె ఆ రోజు వసారాలో ఒక మూల కూర్చుండిపోయింది. ధనంజయ పోయి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, కెమెరా పట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకుని, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి ఏదో కథ చెప్పాడు. బోసి నుదురు, కళ్ళ నిండా నీళ్ళు, ఆ నీళ్ళ మధ్యనే పళ్ళులేని నోటి నిండా నవ్వు. ఆ క్షణం కాగితం మీద నిలబడిపోయింది.

"అబ్బ! సూడబ్బా ఆ మొగం," అన్నాడు ధనంజయ. అద్దాలు పెట్టుకుని దగ్గరికి వంగాడు. చూసి చూసి, వేలు కింది మూలకు పోయి ఆగింది. "ధర్మేంద్రా, ఈ మూల ఏందప్పా ఇది?"

"అదేనన్నా గొప్ప! ఆల్బంలో దాన్ని కత్తిరించేసిండారు. నిండు ఫోటో మా కంప్యూటర్లో ఉండాది గదా, దాన్నే వేయించినా. ఆ మసక చెయ్యి వల్లే ఫోటోకు ప్రాణం వచ్చిందన్నారు అందురూ. ఎవురిదన్నా ఆ చెయ్యి?"

వంటింటి గడపలోంచి వరదమ్మ చూసింది. నాగులమ్మ గడ్డం కింద, పొగలాగా చెదిరిన ఒక చెయ్యి. ఆ మణికట్టుకు రాగి కడియం. చెయ్యి బాగుపడాలని కాణిపాకంలో మొక్కుకుని ఆ కడియం తొడిగింది తనే.

ధనంజయ తన కుడిచేతిని తెచ్చి ఫోటోలోని చెయ్యి పక్కన పెట్టాడు. కడియం పక్కన కడియం. వణుకుకు కాగితం గలగలమంది.

"నా చెయ్యి ఆడుంటే," అన్నాడు నెమ్మదిగా, "కెమెరా ఎవురి చేతిలో ఉండాది?"

పొయ్యి మీద పాలు పొంగి చుయ్యిమన్నాయి. ధర్మేంద్ర చెప్పుల కోసం కాళ్ళతోనే వెతుక్కుని, "నేను మళ్ళా వస్తానన్నా," అని బయటపడ్డాడు.

ధనంజయ కెమెరా తెప్పించుకున్నాడు. ఎడమచేతి గోటితో నల్ల ప్లాస్టరు పీకడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి అంటుకున్నది, తునకలు తునకలుగా వచ్చింది. లోహిత సాయానికి వస్తే మోచేత్తో పక్కకు నెట్టాడు.

"నావి యాడుండాయి?"

"అన్నీ ఉండాయి నాయనా. ఒక్కటీ చెరపలేదు."

కంప్యూటరు ముందు కూర్చుని పద్నాలుగు పెళ్ళిళ్ళూ చూశాడు. తలలేని పెళ్ళికూతుళ్ళు. పందిరి గుడ్డలు. రెండు ముఖాలుగా చీలిపోయిన తాతలు. మధ్యాహ్నం దాకా కుర్చీలోంచి లేవలేదు. ఏడ్చినా బాగుండుననిపించింది వరదమ్మకు. లేచి నిలబడి ఆమె వైపు తిరిగాడు.

"ఇది చిన్నబిడ్డ. నువ్వు గూడానా వరదా?"

"నేనే చెప్పినా. బిడ్డది తప్పు లేదు."

"ఊర్లో అందురికీ తెల్సునా? అందురూ కలిసి నన్ను ఆడిస్తా ఉండారా?"

"ఎవురికీ తెలీదు మామా."

"కుంటోడికి కట్టె ఇస్తారే, కాళ్ళుండాయని ఎవురన్నా చెప్తారా?"

వరదమ్మలో అన్నాళ్ళుగా అణిగి ఉన్నది కట్ట తెంచుకుంది. "ఎనిమిది నెలలు గోడను సూస్తా పండుకున్నావు! ఒక్క మాట లేదు. నువ్వు ఊపిరి పీలుస్తాండావా లేదా అని ముక్కు కాడ చెయ్యి పెట్టి సూసుకున్నా నేను. ఆల్బం సూసి అన్నం అడిగినావు. మళ్ళా కథలు చెప్పినావు. నేనేం చెయ్యల్ల? ఆల్బంలోకి రానిది జరగనట్టే అని నాకు చెప్పిందెవురు? నీ కాడ నేర్చుకున్న విద్యే మామా ఇది."

ఆయన కంప్యూటరు ఆపేశాడు. చెప్పులు వేసుకుని స్టూడియోకు పోయి, షట్టరు సగం దించుకుని కూర్చున్నాడు. రెండు రోజులు ఇంటికి తిండికీ పడకకూ రావడం తప్ప మాట లేదు. గుండీలు తనే పెట్టుకున్నాడు. ఒకటి పైదానికి, ఒకటి కిందిదానికి తగిలించి వంకర చొక్కాతో బజారులో పోతుంటే, వరదమ్మ కిటికీలోంచి చూసి పెదవి కొరుక్కుంది.

మూడో రోజు మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని లోహితతో కలిసి స్టూడియోకు పోయింది. షట్టరు కింద వంగి లోపలికి దూరారు. ధనంజయ నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందర రేకుపెట్టె తెరిచి ఉంది. చుట్టూ ముప్పై ఏళ్ళ చేతులు.

"ఇన్ని చేతులు తీసినా," అన్నాడు తలెత్తకుండా. "నాది ఒక్కటీ లేదని ఎప్పుడూ తోచలేదే." కూతురి వైపు తిరిగాడు. "పాపా, నాగులమ్మ ఫోటో ఎంత స్పీడులో తీసినావు?"

లోహిత తల్లి వైపు చూసింది. మూడు రోజులకు తనతో ఆడిన మొదటి మాట అది. "సెకన్లో ముప్పయ్యో వంతు నాయనా."

"అందుకే నా చెయ్యి కరిగిపోయింది. ఇన్నూట యాభైలో పెట్టుంటే చెయ్యి గూడా నిలబడుండు."

"నిలబడకూడదనే పెట్టినా." ఆమె ఆయన పక్కన కూలబడింది. "నీ చెయ్యి వణికేది రోజూ సూస్తాండా. ఆల్బంలో కత్తిరిస్తా, ఇంట్లో సూడనట్టు ఉంటా... ఒక్క ఫోటోలో అన్నా ఆ చెయ్యి అట్లనే ఉండనీలే అనుకున్నా. పోయిన నెల దామలచెరువు పెండ్లికి నీకు జొరమొస్తే నేనొక్కదాన్నే పోయినా, గుర్తుండాదా? అందురూ రేషన్ కార్డులో మాదిరి నిలబడినారు. నేనెంత నవ్వమన్నా నవ్వలా. నువ్వు గడ్డం పట్టుకొని కథ చెప్తేనే ఆ మొగాలు తెరుచుకుండేది నాయనా. నాకు బటన్ నొక్కేది మాత్రమే వచ్చు."

ధనంజయ కూతురి తల మీద కుడిచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి వణుకుతుంటే ఆమె జడలోని పూలు కూడా వణికాయి. అప్పుడు ఏడ్చాడు. రెండున్నరేళ్ళుగా ఆస్పత్రిలో, గోడ పక్కన, ఎక్కడా రాని ఏడుపు. వరదమ్మ ఓదార్చలేదు. దగ్గర కూర్చుని ఆయన చొక్కా గుండీలు విప్పి, మళ్ళీ సరిగ్గా పెట్టింది. చివరిది వదిలేసింది. దాన్ని వేలితో తడిమి, "అది గూడా నువ్వే పెట్టు వరదా," అన్నాడు ఆయన.

ఆమె పెట్టింది. ఒప్పందం ముగిసిపోయింది.

ఆదివారం తిరుపతి సభలో ధనంజయ ఎడమచేత్తో మైకు పట్టుకున్నాడు. ముందు నాగులమ్మకు చెప్పిన కథే చెప్పాడు. ఐరాలకు మొదటిసారి ఫోటోగ్రాఫరు వచ్చి నల్లగుడ్డలో తల దూరిస్తే, మా అవ్వ బర్రె దాన్ని తన దూడే అనుకుని, మూడు మైళ్ళు ఆయన్ను నాకుతా పోయిందని. ఆ ఫోటోలో కండ్లు ముయ్యకుండా నిలబడింది ఆ బర్రె ఒకటేనని. హాలు పగలబడి నవ్వుతుండగా, అదే గొంతుతో అన్నాడు: "ఈ ఫోటోలో ఆ మసక చెయ్యి మాత్రం నాదప్పా. మిగిలిందంతా నా కూతురు లోహితది. శాలువా ఆ బిడ్డకు కప్పండి."

నవ్వు ఆగిపోయింది. ధర్మేంద్ర మొదట లేచి నిలబడ్డాడు. తర్వాత కుర్చీలన్నీ చప్పుడు చేశాయి. లోహిత శాలువా కప్పుకుని ఏడుస్తుంటే, వరదమ్మకు స్టేజీ మీది దీపాలన్నీ మసకగానే కనబడ్డాయి.

బయటికి వచ్చాక ధనంజయ, "అలిపిరికి పోదాం రండి," అన్నాడు.

మొదటి మెట్టు దగ్గర జనం పలచగా ఉన్నారు. వరదమ్మ చెంగున ముడివేసుకున్న పసుపు కుంకుమ విప్పి మెట్టుకు పెట్టసాగింది. ఆయన పాత అలవాటుగా కూర్చుని కెమెరా కోసం చెయ్యి చాచాడు. కుడివేళ్ళు బటన్ మీద నిలవలేదు.

"తలకిందులుగా పట్టుకో నాయనా," అంది లోహిత. "బటన్ ఎడమపక్క కిందికి వస్తాది. బొటనవేలితో నొక్కు. ఫోటో తలకిందులైతే నేను తిప్పుతా."

ఆయన కెమెరాను బోర్లించి పట్టుకున్నాడు. ఎవరో యాత్రికుడు చూసి నవ్వుతూ పోయాడు. "కదలొద్దు వరదా," అన్నాడు. "నేనెప్పుడు కదిలినా మామా," అంది ఆమె. ఎడమ బొటనవేలు నొక్కింది. ఫోటో అద్దంలాగా వచ్చింది. వరదమ్మ వేలిగీతలు, గోరు సందున పసుపు, కుంకుమ రేణువుతో సహా లెక్కపెట్టుకోవచ్చు.

ఇంత చెప్పి, ఒక్కటి దాచడం ధర్మం కాదు. పందెం వేసినవాడి మాట గనుక మీరు కొంచెం తరుగు తీసుకునే ఉంటారు. బర్రె కథ ధనంజయది, దానికి నా పూచీ లేదు. ఆ ఫోటో అద్దంలాగా వచ్చిందన్నది మాత్రం నేను కల్పించినది. రాలేదు. కింద ఊతంగా పెట్టిన కుడిచెయ్యి వణికింది. వరదమ్మ వేళ్ళు ఐదూ పదిగా కనబడ్డాయి, కుంకుమ పొగలాగా లేచిపోయింది. ప్లాస్టరు లేని తెరలో ధనంజయ దాన్ని చాలాసేపు చూసుకున్నాడు. బాగుందని వరదమ్మ అనలేదు. ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది.

ఇప్పుడది పాకాల స్టూడియోలో నాగులమ్మ ఫోటో పక్కనే పటం కట్టి ఉంది. వచ్చినవాళ్ళు ఎవరైనా, "ఇదేందన్నా, ఇట్ల వణికిపోయింది?" అని అడిగితే, ధనంజయ కథేమీ కట్టడు.

"అవునప్పా," అంటాడు. "అది నేను తీసినా."